బైక్ రైడింగ్ చేసే కొలీగ్‌కి సెండాఫ్ గిఫ్ట్ ఏం ఇవ్వాలి?

మీ టీమ్‌లో సీనియర్ ఒకాయన ఈ నెలాఖరుకి బెంగళూరు వదిలి హైదరాబాద్ వెళ్లిపోతున్నారని, సెలవు దొరికితే చాలు బండి మీదే ఉంటారని, అందరూ కలిసి వేసుకున్నది ఆరు వేల దాకా వచ్చిందని రాశారు. బైకుల గురించి మీలో ఎవరికీ పెద్దగా తెలియదు కాబట్టి మంచి హెల్మెట్ కొనేస్తే సరిపోతుందా అని అడిగారు.

ఆయన్ని షాపుకి తీసుకెళ్లడం కుదరకపోతే హెల్మెట్ మాత్రం వద్దండి.

నేనూ బెంగళూరులోనే, మారతహళ్లి వైపు పని చేస్తాను. ఆదివారం తెల్లవారకముందే హెబ్బాళ దాటి నంది హిల్స్ వైపో లేపాక్షి వైపో వెళ్లేవాళ్లలో నేనొకణ్ణి. అందుకే మా ఆఫీసులో బండి నడిపేవాళ్ల సెండాఫ్ వచ్చినప్పుడల్లా ఏం కొనాలో నన్నే చూడమంటారు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇదీ: ఒంటికి తొడుక్కునేవి, బండికి బిగించేవి కొలతలు తెలియకుండా కొనకూడదు. దారిలో అవసరపడేవి కొంటే ఏ రైడర్‌కైనా పనికొస్తాయి.

హెల్మెట్ సంగతే తీసుకోండి. తల చుట్టుకొలత ఒకటే అయినా అందరి తల ఆకారం ఒకేలా ఉండదు. కొందరిది గుండ్రంగా ఉంటుంది, కొందరిది ముందు నుంచి వెనక్కి కోలగా ఉంటుంది. ఒక కంపెనీ మీడియం సరిగ్గా పట్టిన మనిషికి ఇంకో కంపెనీ మీడియం నుదుటి దగ్గర నొక్కి, కాసేపటికే తలనొప్పి తెస్తుంది. వదులైతే ఇంకా ప్రమాదం, పడినప్పుడు పక్కకి జరిగిపోతుంది. చెంపల దగ్గర బిగుతుగా పట్టాలి, తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ కూడా తలతో పాటే కదలాలి. తొడుక్కుని చూస్తే తప్ప ఇవేవీ తెలియవు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒక మేనేజర్‌కి అందరూ ప్రేమగా ఖరీదైన హెల్మెట్ ఇచ్చారు. సైజు కుదరక చివరికి అది వాళ్ల బావమరిదికి వెళ్లింది.

హెల్మెట్టే ఇవ్వాలని టీమంతా పట్టుబడితే, సర్‌ప్రైజ్ సంగతి పక్కన పెట్టి ఒక రోజు ఆయన్నే జేసీ రోడ్డుకి తీసుకెళ్లండి. బండి సామాను దుకాణాలు అక్కడ వరసగా ఉంటాయి. నాలుగు రకాలు పెట్టుకుని చూడనివ్వండి. నచ్చినదాన్ని కాసేపు తల మీదే ఉంచుకోమనండి. కొనేముందు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో బైక్ హెల్మెట్లకి అది తప్పనిసరి. రోడ్డు పక్కన గుట్టగా పోసి అమ్మేవాటి జోలికి వెళ్లకండి. రైడింగ్ జాకెట్, బూట్లు కూడా వేసుకుని చూసి కొనుక్కోవాల్సినవే.

బండికి బిగించే వస్తువుల్లో సైలెన్సర్, ఎగస్ట్రా లైట్లు, పెద్ద హారన్ అసలు ఆలోచించకండి. శబ్దం పెంచే సైలెన్సర్‌తో పోలీసులు ఆపితే ఫైన్ కట్టాల్సింది ఆయనే. మాగ్నెట్ ట్యాంక్ బ్యాగ్ చూడటానికి బాగుంటుంది కానీ ప్లాస్టిక్ ప్యానెల్స్ ఉన్న ట్యాంక్‌కి అంటుకోదు. ఫోన్ హోల్డర్ ఇవ్వాలనుకుంటే వైబ్రేషన్ తగ్గించే అటాచ్‌మెంట్‌తో కలిపి ఇవ్వండి. పెద్ద ఇంజిన్ బైకుల హ్యాండిల్‌కి ఐఫోన్ బిగిస్తే ఆ అదురుకి కెమెరా పాడయ్యే అవకాశం ఉందని యాపిల్ కంపెనీయే 2021లో చెప్పింది.

ఇక నేనైతే ఏం కొంటానో చెబుతాను. మొదట హైడ్రేషన్ బ్యాగ్. వీపుకి తగిలించుకునే సన్నటి సంచి, లోపల రెండు లీటర్ల దాకా నీళ్లు పట్టే తిత్తి, దాన్నుంచి భుజం మీదుగా నోటి దాకా వచ్చే గొట్టం. పట్టీలు ఎవరికైనా సరిచేసుకోవచ్చు కాబట్టి సైజు టెన్షన్ లేదు. బండి మారినా, ఊరు మారినా దీన్ని వాడుకోవచ్చు. మీ బడ్జెట్‌లో సగంలోపే మంచిది వస్తుంది.

దీన్ని ముందు చెప్పడానికి కారణం ఉంది. బెంగళూరు నుంచి హైదరాబాద్‌కి 44వ నంబర్ హైవే మీద దాదాపు 570 కిలోమీటర్లు. బాగేపల్లి దాటాక అనంతపురం, గుత్తి, డోన్, కర్నూలు, అంతా రాయలసీమ ఎండే. రైడర్లు నీళ్లు తాగకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. బండి పక్కకి తీయాలి, గ్లవ్స్ విప్పాలి, హెల్మెట్ తీయాలి, బ్యాగులోంచి బాటిల్ వెతకాలి, మళ్లీ అన్నీ వేసుకోవాలి. ఇంత పని ఉందని తర్వాతి ఊళ్లో తాగుదాంలే అనుకుంటారు. ఈలోపు ఒంట్లో నీరు తగ్గి తల బరువెక్కుతుంది, చూపు రోడ్డు మీద నిలవదు. మా టెస్టింగ్ టీమ్‌లో ఒక అనంతపురం అన్న ఉండేవాడు. ఊరికి వెళ్లొచ్చిన ప్రతిసారీ సోమవారం తలనొప్పితోనే ఆఫీసుకి వచ్చేవాడు. ఆయన సెండాఫ్‌కి మేం ఇచ్చింది ఈ బ్యాగే. తర్వాత ఎండాకాలంలో ఫోన్ చేసి, దారి పొడవునా గుక్కగుక్క తాగుతూ వచ్చానని, తలనొప్పి మాటే లేదని చెప్పాడు. నాకు ఎంత సంతోషమేసిందో. ఒక్క జాగ్రత్త చెప్పాలి. తిత్తి మూత వెడల్పుగా, చెయ్యి పట్టేంత ఉన్నది చూసి తీసుకోండి. సన్న మూతవి లోపల కడగడం కష్టం, నాలుగు రోజులకే వాసన వస్తాయి.

రెండోది గాలి పెట్టే చిన్న మెషీన్. లోపలే బ్యాటరీ ఉండి, ఫోన్‌లా చార్జ్ అయ్యేది తీసుకోండి. కార్ల కోసం చేసినవాటికి సిగరెట్ లైటర్ సాకెట్ కావాలి, చాలా బైకులకి అది ఉండదు. ఎంత పీఎస్ఐ (టైర్లో గాలి ఒత్తిడి కొలత) కావాలో సెట్ చేస్తే అక్కడికి రాగానే దానంతటదే ఆగిపోయేది అయితే మేలు. దీనికి తోడు పంక్చర్ కిట్ ఇవ్వొచ్చు, కాకపోతే ముందు ఆయన బండి పార్కింగ్‌లో ఉన్నప్పుడు చక్రాలు చూసి రండి. అలాయ్ చక్రాలైతే టైర్లు మామూలుగా ట్యూబ్‌లెస్ ఉంటాయి, మేకు గుచ్చుకున్న చోట రబ్బర్ పట్టీ దూర్చి మూసే కిట్ వాటికి పనికొస్తుంది. ఊచల చక్రాలైతే చాలావరకు లోపల ట్యూబ్ ఉంటుంది, అప్పుడు ఆ కిట్ దండగ. ఆ సైజు ట్యూబ్ ఒకటి, టైర్ విప్పే లివర్లు ఒక జత ఇస్తే ఊరికి దూరంగా ఆగిపోయినప్పుడు ఆయన మిమ్మల్ని తలుచుకుంటారు. ట్యూబ్ సైజు టైరు పక్కభాగం మీదే అంకెల్లో రాసి ఉంటుంది, ఫోటో తీసుకెళ్తే షాపువాడే చూసి ఇస్తాడు.

ఒంటికి తొడిగేదే ఇవ్వాలనుకుంటే గ్లవ్స్ ఒక్కటే కొంచెం తేలిక. పడేటప్పుడు మనిషి ముందు చేతులే చాపుతాడు కాబట్టి అరచేతి దగ్గర దళసరిగా, మెటికల మీద గట్టి రక్షణతో ఉండాలి. ఈఎన్ 13594 అని లేబుల్ మీద ఉంటే అది యూరప్ ప్రమాణం ప్రకారం పరీక్షించినదని అర్థం. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టుకొలత తీసుకుంటే సైజు తెలుస్తుంది. ఆయన భార్యనో రూమ్మేట్‌నో అడిగి పాత గ్లవ్స్ సైజు చెప్పించుకుంటే ఇంకా సులువు. హెల్మెట్‌కి అదనపు వైజర్, అంటే ముఖం ముందుండే అద్దం, కూడా మంచి ఆలోచనే. వైజర్ మీద గీతలు పడితే రాత్రిపూట ఎదురు లైట్లు చెదిరి కళ్లలోకి కొడతాయి. హెల్మెట్ కంపెనీ, మోడల్ పేరు చూసుకుని రంగు లేని వైజర్ తీసుకోండి, నల్లది రాత్రి ప్రమాదం.

మీ దగ్గర డబ్బు ఇంకొంచెం ఎక్కువ పోగయ్యేలా ఉంటే వస్తువు బదులు ఒక రోజు ట్రైనింగ్ ఇవ్వొచ్చు. ఎడారుల మీదుగా రోజుల తరబడి సాగే డకార్ ర్యాలీ అనే రేసుని 2015లో పూర్తి చేసిన మొదటి భారతీయుడు సీ ఎస్ సంతోష్ మన బెంగళూరు మనిషే. మట్టి దారుల్లో బండి నడపడం నేర్పే బిగ్‌రాక్ డర్ట్‌పార్క్‌ని కోలార్ దగ్గర మొదలుపెట్టింది ఆయనే. ఇలాంటి శిక్షణకి సీటు బుక్ చేసేటప్పుడు తేదీ మార్చుకునే వీలుందా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఎందుకంటే మీ సీనియర్ దానికోసం హైదరాబాద్ నుంచి మళ్లీ రావాలి. నాకైతే ఆ మళ్లీ రావడమే ఈ గిఫ్ట్‌లో బాగా నచ్చే విషయం.

కప్పులు, బొమ్మ బైకులు, బరువైన ఇత్తడి కీచైన్లు నేను కొనను. బరువు కీచైన్ బండి నడుస్తున్నంతసేపూ కొట్టుకుని తాళం చుట్టూ గీతలు పెడుతుంది.

ఇంకొకటి, ఇది షాపులో దొరికేది కాదు. ఆయన బండి నడుపుకుంటూనే హైదరాబాద్ వెళ్తుంటే, మీలో స్కూటర్ ఉన్నవాళ్లయినా సరే ఆ పొద్దున దేవనహళ్లి దాకానో చిక్కబళ్లాపుర దాకానో తోడు వెళ్లి కలిసి టిఫిన్ చేసి రండి. మా అనంతపురం అన్నని అలాగే సాగనంపాం. ఒకవేళ బండిని రైల్లో పార్సిల్ వేస్తుంటే ట్యాంక్‌లో పెట్రోల్ పూర్తిగా తీసేయాలి, గోనెపట్టాతో ప్యాకింగ్ చేయించాలి, ఆర్సీ కాపీ ఇవ్వాలి. ఆ తిరుగుడులో ఎవరో ఒకరు ఆయన పక్కన ఉండండి. కేఏ నంబర్, అంటే కర్ణాటక రిజిస్ట్రేషన్ ఉన్న బండిని తెలంగాణలో 12 నెలలకి మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దానికి ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ఊరు వదలకముందే దానికి అప్లై చేయమని గుర్తు చేయండి.

మీ ఆరు వేలకి నా ఎంపిక హైడ్రేషన్ బ్యాగ్, గాలి మెషీన్. అందరూ ఆయన గురించి చేత్తో రాసిన ఉత్తరం ఒకటి బ్యాగు అరలో పెట్టండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే ఆఖరి రోజుకి కనీసం వారం ముందే ఆర్డర్ పెట్టండి, మెషీన్ రాగానే ఒకసారి చార్జ్ చేసి పనిచేస్తుందో లేదో చూడండి. బిల్లు, వారంటీ కార్డు పారేయకుండా ఆయనకే ఇవ్వండి, రిపేరు వస్తే హైదరాబాద్‌లో ఆయనకి అవే కావాలి.