ఆయన ఐపీ పెడితే నా జీతం మీదకొస్తారా?

"ఒంగోలులో మా ఆయన బట్టల కొట్టు అప్పులపాలైంది. ఇల్లు నా ప్రైవేటు స్కూలు జీతంతోనే గడుస్తోంది. ఐపీ (దివాలా పిటిషన్) పెడితే అదీ పోతుందా?" అని అడిగారు.

పోదు, ఆ అప్పులకి మీరు సంతకం పెట్టి ఉండకపోతే. ప్రామిసరీ నోటు మీదో, చీటీకి జామీనుగానో మీ సంతకం ఉంటే మాత్రం ఆయన ఐపీ మిమ్మల్ని కాపాడదు. టెన్షన్ పడేముందు ఆ కాగితాలు తీసి చూడండి.

మన దగ్గర ఇలాంటి అప్పులకి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. పిటిషన్‌లో అప్పులవాళ్లందరి పేర్లూ, ఆస్తులూ దాచకుండా రాయాలి. దివాలా ప్రకటించాక ఆయన ఆస్తి కోర్టు అధీనంలోకి, ఆస్తి చూసుకోడానికి కోర్టు పెట్టిన రిసీవరు ఉంటే ఆ రిసీవరు చేతికి వెళ్తుంది. వంటగిన్నెలు, పక్కబట్టలు, కట్టుబట్టలు, మీ మెడలో తాళి జప్తుకి రావు.

ఇల్లు ముందే బావమరిది పేర రాసెయ్యమని సలహాలిచ్చేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. వినకండి. పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలోపు ఊరికే రాసిచ్చినదాన్ని కోర్టు కొట్టేయగలదు. ఇంకోటి, ప్రకటనతోనే అప్పు తీరిపోదు. కోర్టు పెట్టిన గడువులో డిశ్చార్జికి, అంటే అప్పుల నుంచి విడుదలకి, అర్జీ పెట్టుకోవాలి, లేదంటే ఆ ప్రకటనే రద్దవుతుంది.