టచ్ స్క్రీన్ వేలికి పలుకుతుంది, పెన్నుకు ఎందుకు పలకదు?

వేలు ఆనిస్తే చాలు పనిచేసే తెర, మామూలు పెన్నుతో ఎంత నొక్కినా ఎందుకు కదలదని అడిగారు. ఇప్పటి ఫోన్ల తెరకు నొక్కడంతో పనే లేదు. ఇది నాకు మా మేనకోడలి వల్ల తెలిసింది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పాప బడిలో ఒడియా, ఇంగ్లీషు రాస్తుంది. తెలుగు ఇంట్లో మాట్లాడటం వరకే. ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలది ఇదే పరిస్థితి, నాకు చాలా బాధగా ఉంటుంది. ట్యాబ్ మీదైనా అక్షరాలు దిద్దుతుందని ఆన్‌లైన్‌లో సన్నమొన పెన్ను తెప్పించాను. "మావయ్యా, రాయట్లేదు" అంది. అది వేరే కంపెనీ ట్యాబ్‌లకు చేసిన పెన్నట. అమ్మేటప్పుడు మాత్రం అన్నిటికీ పనిచేస్తుందని రాశారు, వెనక్కీ తీసుకోలేదు. ఇది మోసమే.

ఆ సాయంత్రం పెన్సిల్ మొనకు వంటింట్లోని ఫాయిల్ పేపర్ చుట్టాను. గీత పడలేదు. నా వేళ్లు పట్టుకునే చోటుదాకా ఫాయిల్ చుట్టి చూస్తే పడింది! అద్దం కింద కంటికి కనబడని తీగలు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. వాటి మధ్య కొద్దిపాటి ఛార్జ్ నిలిచి ఉంటుంది. మన ఒళ్లు కరెంటును పోనిస్తుంది కాబట్టి, వేలు దగ్గరికి రాగానే ఆ ఛార్జ్ కాస్త తగ్గుతుంది. ఎక్కడ తగ్గిందో చిప్ పట్టేస్తుంది. ప్లాస్టిక్ వల్ల అలా తగ్గదు. ఫాయిల్ నా చేతికి తగిలేసరికి నా వేలే పొడుగైనట్టయింది.

మొన సన్నగా చేస్తే మళ్లీ ఆగిపోయింది, శనగగింజంత ఉంటేనే తెర గుర్తుపట్టింది. రబ్బరు మొన పెన్నులు లావుగా ఉండేది ఇందుకే. కానీ అంత మొనతో 'స్త్రీ' రాయమంటే పిల్ల ఒత్తులు ఎక్కడ పెడుతుంది? పైగా అరచెయ్యి ఆనితే అక్కడా గీతలే.

సన్నమొన కావాలంటే తానే సిగ్నల్ పంపే పెన్ను ఉండాలి, దాన్ని అందుకునే తెర కూడా ఉండాలి. రెండూ జోడీ కుదరాలి. 2011లో వచ్చిన శాంసంగ్ ఫోన్ గెలాక్సీ నోట్‌లో అయితే పెన్ను కోసమే తెర వెనక వేరే పొర పెట్టారు. రాయడానికి కొంటుంటే ముందు పెన్ను సంగతి తేల్చుకుని, తర్వాతే ట్యాబ్ కొనండి. ధర చూసి కొనకండి.

మేం చివరికి మా ట్యాబ్‌కు సరిపోయే పెన్నే కొన్నాం. ఇప్పుడు పాప అరచెయ్యి తెరమీద ఆనించుకునే రాస్తోంది. నిన్న 'స్త్రీ' ఒత్తులతో సహా రాసి చూపించింది.