ఆర్‌సీ గడువు దాటిన కారుకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ వస్తుందా?

ప్రశ్న: మాది కావలి. 2010 మార్చిలో కొన్న కారు. ఆర్‌సీ గడువు 2025 మార్చి 11తో అయిపోయింది, నేను చూసుకోలేదు. ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో ఫుల్ ఇన్సూరెన్స్ కట్టాను. ఆర్‌సీ సంగతి ఎవరూ అడగలేదు. మే నెలాఖరులో ఒంగోలు నుంచి వస్తుంటే ఉలవపాడు దగ్గర మామిడికాయల అంగళ్ల వైపు నుంచి ఒక బైకు అడ్డం వచ్చింది. తప్పించబోయినా దానికి తగిలి, డివైడర్‌ను గుద్దాను. బైకు మీద అబ్బాయికి కాలు విరిగింది. నా కారుకు షెడ్డులో 85 వేలు అవుతుందన్నారు. ప్రమాదం రోజుకు రిజిస్ట్రేషన్ లేదని కంపెనీ క్లెయిమ్ తిరగ్గొట్టింది. డబ్బు తీసుకున్నప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు? ఆ అబ్బాయి కేసు వేస్తే అదీ నేనే కట్టుకోవాలా? వెనక తేదీతో రెన్యువల్ చేయిస్తానని ఒక ఏజెంట్ అంటున్నాడు. చేయించుకోమంటారా?

జవాబు: చివరి దానితో మొదలుపెడతాను. వద్దు. ఇప్పుడు ఏ రోజు ఫీజు కట్టారో, ఏ రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూశాడో అంతా వాహన్ అనే రవాణా శాఖ ఆన్‌లైన్ రికార్డులో పడుతుంది. కంపెనీ వకీలు అది ఫోన్‌లోనే తీసి చూపిస్తాడు. ఇప్పటిదాకా మీది అజాగ్రత్త మాత్రమే. ఆ కాగితం పెట్టారంటే మోసం అవుతుంది.

ఇక మీ కారు రిపేరు సంగతి. మీకు నచ్చే మాట చెప్పలేను. మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లే చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 'ఒకసారి రిజిస్టర్ అయిన బండే కదా, ఎవరూ రద్దు చేయలేదు కదా' అని వాదించవచ్చని చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 52వ రూలు ఆ దారి మూసేసింది. గడువు దాటితే ఆ బండిని రిజిస్టర్ అయిన బండిగా లెక్కించరు, రెన్యువల్ అయ్యేదాకా రోడ్డెక్కించకూడదు.

సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టిగానే ఉంది. 2014లో నరీందర్ సింగ్ కేసులో, కొత్త బండికి మొదట ఇచ్చే తాత్కాలిక రిజిస్ట్రేషన్ అయిపోయిన కొన్ని వారాలకే ప్రమాదం జరిగింది. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డు మీద నడపడం పాలసీ మూల షరతునే ఉల్లంఘించడమని, క్లెయిమ్ ఇవ్వనక్కర్లేదని కోర్టు తేల్చింది. 2021లో సుశీల్ కుమార్ గొదారా కేసు ఇంకా కఠినం. జోధ్‌పూర్‌లో గెస్ట్‌హౌస్ బయట నిలిపిన బొలెరోను రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ అయిపోయి పది రోజులైనా కాలేదు. దొంగతనానికీ ఆర్‌సీకీ ఏం సంబంధం అని మనకు అనిపిస్తుంది. అయినా యజమానికి పైసా రాలేదు. ఈ రెండూ తాత్కాలిక రిజిస్ట్రేషన్ కేసులే, నిజమే. కానీ 52వ రూలు ఉండగా మీది వేరని ఒప్పించడం కష్టం.

ప్రీమియం ఎందుకు తీసుకున్నారంటారా? కోపం న్యాయమైనదే. ఆన్‌లైన్‌లో బండి నంబరు కొడితే పాత వివరాలన్నీ వాటంతటవే వచ్చేస్తాయి, డబ్బు పడుతుంది, పాలసీ వచ్చేస్తుంది. క్లెయిమ్ రోజున నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి ఆర్‌సీ కార్డును ఎండలోకి తిప్పి చూసేదాకా ఆ తేదీ ఎవరికీ కనపడదు. నా దగ్గరికి వచ్చే కార్డుల్లో సగం డాష్‌బోర్డులో పడి పడి అక్షరాలు అరిగిపోయినవే. అయినా ప్రీమియం తీసుకున్నంత మాత్రాన షరతు మాఫీ అయినట్టు కాదు.

ఒక్క సందు ఉంది. నరీందర్ సింగ్ కేసులో ఆ యజమాని గడువుకు ముందుగానీ తర్వాతగానీ అసలు దరఖాస్తే పెట్టుకోలేదన్నది కోర్టు ప్రత్యేకంగా గుర్తు చేసింది. మీరు ప్రమాదానికి ముందే రెన్యువల్‌కు ఫీజు కట్టి స్లాట్ కోసం ఎదురుచూస్తూ ఉంటే ఆ రసీదు వెతకండి, కేసుకు కాస్త బలం వస్తుంది. మీ ఉత్తరం చూస్తే అలా లేదనిపిస్తోంది. అదే బండి మీ ఇంటి ఆవరణలోనే ఉండగా తుపానుకు చెట్టు విరిగి పడిందనుకోండి, అప్పుడు 'రోడ్డు మీద వాడలేదు' అని గట్టిగా నిలబడి వాదించేవాణ్ని.

ఆ 85 వేల కోసం ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాదిలోపు వెళ్లాలి. నెల్లూరు వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. కానీ నా దగ్గర ఫీజు కట్టి ఆ కేసు వేయమని మాత్రం చెప్పను.

మీరు టెన్షన్ పడాల్సింది రెండో విషయానికి, అంటే ఆ అబ్బాయి వేసే కేసుకు. అక్కడే మీకు కాస్త ఊరట ఉంది. దెబ్బ తగిలిన మూడో మనిషికి కంపెనీ ఏయే కారణాలతో డబ్బు ఎగ్గొట్టవచ్చో 150వ సెక్షన్‌లో లెక్కపెట్టి రాశారు. సరైన లైసెన్సు లేకపోవడం, ప్రీమియం అందకపోవడం, ముఖ్య విషయాలు దాచిపెట్టడం లాంటివి. ఆర్‌సీ గడువు దాటడం ఆ జాబితాలో లేదు. మీ పాలసీ నడుస్తోంది, మీకు లైసెన్సు ఉందనే అనుకుంటున్నాను. కాబట్టి ఆ అబ్బాయికి పరిహారం మొదట కంపెనీ చేతే కట్టించాలని, ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో వాదించడానికి మంచి ఆధారం ఉంది. కంపెనీ మాత్రం 'కట్టి, యజమాని దగ్గర వసూలు చేసుకుంటాం' అని అడుగుతుంది. ట్రిబ్యునల్ ఒప్పుకుంటే ఆ భారం తిరిగి మీ మీదికే వస్తుంది. అందుకే నోటీసు వస్తే 'ఇన్సూరెన్స్ ఉందిగా, వాళ్లు చూసుకుంటారు' అని ఇంట్లో కూర్చోవద్దు. ఆ అబ్బాయి తన ఊరి పరిధిలోనో, ప్రమాదం జరిగిన చోటో, మీరుండే చోటో కేసు వేయవచ్చు. ఎక్కడ వేసినా మీ తరఫున కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు, పడాలి. మీరు రాకపోతే వసూలు ఆర్డరు వద్దని చెప్పే మనిషే ఉండడు.

ప్రమాదం గురించి కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాపీ దాచండి. పెద్దమనుషుల్లో కూర్చుని డబ్బిచ్చి సర్దుకుంటే కాగితం లేకుండా ఇవ్వకండి. ఆస్పత్రి ఖర్చుకు సాయం చేయడం మంచిదే, బ్యాంకు ద్వారా పంపండి. పోలీసు కేసు దాని దారిన అది నడుస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపినందుకు 192వ సెక్షన్ కింద మొదటిసారి జరిమానా 2,000 నుంచి 5,000 దాకా ఉంటుంది.

రెన్యువల్ మాత్రం ఇప్పుడే చేయించండి, నిజమైన తేదీతోనే. ఫారం 25 పెట్టాలి, ఫీజు 5,000, ఆలస్యానికి నెలకు 500 అదనం, గ్రీన్ టాక్స్ వేరు. షెడ్డు నుంచి ఇన్‌స్పెక్షన్‌కు కారును మీరు నడుపుకుంటూ వెళ్లకండి. లాగించుకునో, వేరే బండి మీద ఎక్కించో తీసుకెళ్లండి.