గడ్డం సబ్బు: ముక్కు చెప్పేది, చెంప చెప్పేది

చేతితయారీ షేవింగ్ సబ్బుల మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. చాలా ఉత్తరాల్లో ఒకే పొరపాటు కనబడింది: వాసన నచ్చితే సబ్బు బాగుందని, నచ్చకపోతే బాగాలేదని తేల్చేస్తున్నారు. వాసనకూ, సబ్బు పనితనానికీ మార్కులు విడివిడిగా వేయాలి.

ప్రశ్న: డబ్బా మూత తీయగానే నిమ్మ, బెర్గమాట్ వాసన గుప్పుమంటుంది. నురగ చేశాక మాత్రం ఏమీ తెలియదు. పరిమళం తక్కువ వేసి మోసం చేశారా?

జవాబు: మోసం కాకపోవచ్చు. నిమ్మజాతి వాసనల్లో ఎక్కువ భాగం లిమొనీన్ లాంటి తేలికపాటి పదార్థాలే. అవి ఇట్టే ఆవిరైపోతాయి. మూత బిగించిన డబ్బాలో పోగుపడి, తీసిన క్షణంలో ఒక్కసారిగా ముక్కుకు తగులుతాయి. పైగా సబ్బు క్షారం, దాని పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ వంటివి అందులో ఎక్కువకాలం నిలవవు. వట్టివేరు, పచౌలీ, గంధం లాంటి బరువైన వాసనలైతే నిలుస్తాయి. పనితెలిసిన తయారీదారు నిమ్మ వాసన కింద ఇలాంటిదొకటి ఆసరాగా పెడతాడు.

వాసనను మూడుచోట్ల చూడండి: ఇంకా తడపని సబ్బు మీద, ముఖాన నురగ ఉన్నప్పుడు, కడుక్కున్న పావుగంటకు. వీటిలో అసలైన పరీక్ష రెండోదే. కడిగాక వాసన మిగల్లేదని మార్కులు కోయకండి, సబ్బు అత్తరు కాదు. ఇంకో సంగతి: ఒకే వాసన పీలుస్తూ ఉంటే కొద్ది నిమిషాల్లోనే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. డబ్బాను పదేపదే వాసన చూసి, ఆ వెంటనే నురగ చేస్తే వాసన లేనట్టే అనిపిస్తుంది. నురగ చేసే ముందు డబ్బా జోలికి వెళ్లకండి. ముక్కు మొద్దుబారిందనిపిస్తే మీ మోచేతి మడతను ఒకసారి వాసన చూసుకుని మళ్లీ ప్రయత్నించండి. ఆ పూట తలనూనె, సెంటు వద్దు.

ప్రశ్న: చాలా సబ్బుల మీద 'బార్బర్‌షాప్ వాసన' అని ఉంటుంది. అదేమిటి?

జవాబు: దానికి కచ్చితమైన నిర్వచనం లేదు. ఎక్కువగా ఫుజేర్ కుటుంబపు వాసనలనే అలా పిలుస్తారు: పైన లావెండర్, కింద ఎండుగడ్డిని తలపించే కూమరిన్, చెట్లమీద నాచులా పెరిగే ఓక్‌మాస్ అనే లైకెన్ వాసన. ఈ కూర్పుకు పేరు తెచ్చింది 1882లో ఊబిగాఁ అనే ఫ్రెంచి పరిమళాల సంస్థ విడుదల చేసిన 'ఫుజేర్ రోయాల్' అత్తరు. ఫుజేర్ అంటే ఫ్రెంచిలో ఫెర్న్ మొక్క. ఆ మొక్కకు చెప్పుకోదగ్గ వాసనే లేదు, పేరు మాత్రం నిలిచిపోయింది.

ప్రశ్న: కొత్త సబ్బు నురగ రెండు నిమిషాల్లో చప్పబడిపోతోంది. చెంప మీద ఆరిపోయి బ్లేడు పట్టేస్తోంది. సబ్బు నాసిరకమా? పనితనం తేల్చే పద్ధతి చెప్పండి.

జవాబు: సబ్బును తప్పుపట్టే ముందు రెండింటిని చూడండి: బ్రష్షు ఎత్తుకున్న సబ్బు ఎంత, మీ నీళ్లు ఎలాంటివి. మాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఈ రెండింటి దగ్గరే తేలిపోతాయి.

ముందు బ్రష్షు. తడిపాక గట్టిగా విదిలించి, సబ్బు మీద కనీసం 30 సెకన్లు తిప్పండి. కుచ్చుల మధ్య పేస్టులా చిక్కగా పేరుకోవాలి. పెద్ద పెద్ద బుడగలు కనబడుతున్నాయంటే నీళ్లు ఎక్కువయ్యాయి, సబ్బు ఇంకా ఎక్కలేదు. పంది వెంట్రుకల బ్రష్షయితే ముందుగా కొన్ని నిమిషాలు నానబెట్టాలి. లేకపోతే నురగలోని నీటిని అదే పీల్చుకుంటుంది. సింథటిక్‌కు నానబెట్టే పని లేదు, తడిపితే చాలు.

ఇక నీళ్లు. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారతాయి. గిన్నె అంచున కనబడే తెల్లటి జిడ్డు అదే. ఆ ఖనిజాల లెక్క తీరేదాకా మీ సబ్బు తెట్టుకే ఖర్చవుతుంది, మిగిలిందే నురగవుతుంది. ఇది తేల్చుకోవడానికి డిస్టిల్డ్ వాటరు, మందుల సిరంజి, చిన్న తూకం మిషను ఉంటే చాలు.

1 గ్రాము సబ్బు గీరి గిన్నె అడుగున అద్దండి. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటరు 5 మి.లీ. పోసి, విదిలించిన బ్రష్షుతో ఒక నిమిషం తిప్పండి. అక్కడినుంచి 2 మి.లీ. చొప్పున పోస్తూ, పోసినప్పుడల్లా 20 సెకన్లు తిప్పి ఆగి చూడండి. మొదట్లో మెరుపు లేకుండా జిగురుగా ఉంటుంది, బ్రష్షు లాగితే కొసలు నిలబడతాయి. కొంతసేపటికి నిగనిగలాడుతుంది, బుడగ కంటికి కనబడదు, కొసలు మెల్లగా వంగుతాయి. షేవుకు కావలసింది ఈ దశ. ఇంకా పోస్తే బుడగలు తేలి గిన్నె గోడల మీదినుంచి కారుతుంది. నిగనిగ ఎన్ని మి.లీ. దగ్గర మొదలైందో, ఎన్ని మి.లీ. దగ్గర కారిపోయిందో రాసుకోండి. ఈ రెండు అంకెల మధ్య ఎంత ఎడముంటే సబ్బు అంత ఓర్పుగలది, చేయి కాస్త అటూఇటూ అయినా మిమ్మల్ని దెబ్బతీయదు. మళ్లీ కొత్తగా నురగ చేసి, నిగనిగ దశలో ఆపి 10 నిమిషాలు వదిలేయండి. అడుగున నీరు విడిపోయిందా, పైన చిల్లులు పడ్డాయా చూడండి.

ఇదంతా మీ కుళాయి నీళ్లతో మరోసారి చేయండి. డిస్టిల్డ్‌లో నిలిచిన నురగ ఇక్కడ కూలిపోతే తప్పు నీళ్లది. అప్పుడు బ్రష్షును సబ్బు మీద ఇంకా ఎక్కువసేపు తిప్పండి, లేదా నురగకు మాత్రం డిస్టిల్డ్ వాడండి, ఒక చిన్న కప్పు సరిపోతుంది. రెండింట్లోనూ కూలిపోతే సబ్బునే అనుమానించాలి.

గిన్నెలో గెలిచిన సబ్బు చెంప మీద ఓడిపోవచ్చు. నురగ గుట్టగా లేస్తే సబ్బు గొప్పదనుకుంటారు గానీ గుట్టలో ఎక్కువ గాలే. బ్లేడుకు కావలసింది జారుడు. ఒక చార గీశాక, నురగ పోయిన చోట తడివేలితో రాయండి. వేలు ఇంకా జారుతుంటే సబ్బు పొర మిగిలినట్టు. కిర్రుమంటూ పట్టుకుంటే మిగల్లేదు, అక్కడ మళ్లీ నురగ పూయకుండా రేజరు పెట్టకండి.

పోలికకు పాత సబ్బు ఎడమ చెంపకు, కొత్తది కుడి చెంపకు. మర్నాడు మార్చండి, ఎందుకంటే చేతికి ఒకవైపు వాటం ఎక్కువ. ఇలా కనీసం నాలుగు షేవులు. ప్రతిసారీ అదే రకం కొత్త బ్లేడు, అదే బ్రష్షు. గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు వెచ్చని నీళ్లతో తడిపాకే మొదలుపెట్టండి. పరీక్ష రోజుల్లో పటిక, ఆఫ్టర్‌షేవ్ వద్దు, చర్మం సబ్బు గురించి చెప్పేదాన్ని అవి కప్పేస్తాయి. మెంథాల్ ఉన్న సబ్బుతోనూ ఇదే తంటా: చల్లదనం మంటను దాచేస్తుంది. అలాంటిదానికి గంట తర్వాత మార్కులు వేయండి.

ప్రశ్న: కొనేముందు పదార్థాల పట్టీ చూసి ఏమైనా పసిగట్టవచ్చా?

జవాబు: కొంతవరకు. మొదటి వరసల్లో స్టియరిక్ ఆమ్లం, లేదా పొటాషియం స్టియరేట్ ఉండాలి. చిక్కటి, నిలిచే నురగ దానిదే. కాస్టిక్ పొటాష్ సబ్బును మెత్తగా, నీటిలో త్వరగా కలిసేలా చేస్తుంది. కాస్టిక్ సోడా గట్టిపరుస్తుంది. మంచి షేవింగ్ సబ్బుల్లో తరచూ రెండూ ఉంటాయి. కొబ్బరినూనె బుడగ తొందరగా తెస్తుంది, మోతాదు మించితే చర్మాన్ని పొడిబారుస్తుంది. సోడియం సిట్రేట్ ఉంటే కఠిన జలం వాడేవాళ్లకు కలిసొస్తుంది. జంతుకొవ్వు మేలా, వెన్నలాంటి వృక్షకొవ్వులు మేలా అనే వాదన మాత్రం పట్టీ చూసి తేలేది కాదు.

ప్రశ్న: షేవు అయ్యాక మెడ మండుతోంది. పరిమళం పడకనా?

జవాబు: మంట ఎప్పుడు మొదలవుతోందో గమనించండి. బ్లేడు పెట్టకముందే, నురగ పూయగానే చురుక్కుమంటే సబ్బునో పరిమళాన్నో అనుమానించాలి. గీశాకే మొదలైతే బ్లేడు, చేతి ఒత్తిడి, ఆరిన నురగ ముందు వరసలో ఉంటాయి. తేల్చుకోవాలంటే మోచేతి లోపలివైపు నురగ పూసి, రెండు నిమిషాలుంచి కడిగేయండి. రోజుకు రెండుసార్లు, వారం పాటు. పట్టీ వేసి మూసి ఉంచకండి, క్షారాన్ని అలా బంధిస్తే ఎవరికైనా ఎర్రబడుతుంది. 'సహజ నూనెలే' అన్న మాటతో ధీమా పడొద్దు. లవంగనూనెలోని యూజినాల్, దాల్చిన వాసననిచ్చే సిన్నమాల్డిహైడ్, గాలికి పాతబడిన లిమొనీన్ కొందరికి పడవు. యూరోపియన్ యూనియన్‌లో ఇలా కొందరికి పడనివని లేబుల్ మీద విడిగా పేరు రాయాల్సిన పరిమళ పదార్థాలు ఒకప్పుడు 26. 2023 నాటి నిబంధనతో ఆ జాబితా 80 దాటింది. వాపు, నీటిపొక్కులు వస్తే పరీక్షలు ఆపి చర్మవైద్యుణ్ని కలవండి.

ప్రశ్న: తెల్లటి సబ్బు గోధుమరంగుకు తిరిగింది. వాడవచ్చా?

జవాబు: సబ్బంతా ఒకే తీరుగా రంగు మారి, వాసన అలాగే ఉంటే వెనిల్లా పరిమళంలోని వెనిలిన్ చేసిన పని కావచ్చు, నిక్షేపంగా వాడండి. అక్కడక్కడ నారింజరంగు మచ్చలు లేచి, పాత నూనె కంపు కొడితే కొవ్వు ముక్కిపోయినట్టు. పారేయండి.

ప్రశ్న: ఒక డబ్బా ఎన్నాళ్లు రావాలి?

జవాబు: కొత్తగా ఉన్నప్పుడే డబ్బాతో సహా తూచి అంకె రాసుకోండి. పది షేవుల తర్వాత మళ్లీ తూచి, తరిగినదాన్ని పదితో భాగిస్తే మీ వాడకం తెలుస్తుంది. తడిగా తూచకండి, నీటి బరువు కలిసి సబ్బు తక్కువ తరిగినట్టు చూపిస్తుంది. రెండు రోజులు మూత తీసి ఆరనిచ్చాక తూచండి.