ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు: మేనకోడలికి ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దమావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, "అదేదో రెండో సిస్టం ఎక్కించుకుంటుందట అన్నయ్యా, ఉన్న కంప్యూటరు పాడైపోదు కదా?" అని అడిగింది. బరంపురంలో కాలేజీ ప్రాజెక్టు కోసం నీ ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 పక్కన ఉబుంటు అనే లైనక్సు సిస్టం పెట్టుకోబోతున్నావని నాకు అలా తెలిసింది. ఏమీ కాదులే అని చెప్పాను గానీ, ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఈ పనికి పూనుకున్న రెండో మనిషివి నువ్వు. మొదటివాణ్ణి నేను. నా సంగతి ఏమైందో మీ అమ్మకు తెలిసినంతగా నీకు తెలియదు. వాడుక భాష కోసం గిడుగు రామ్మూర్తి పంతులు పోరాడిన ఊళ్లో కూర్చుని ఇంత నిండు వాక్యాలు రాస్తున్నానేమిటని నవ్వకు. ఈ విషయంలో ఒక్క మాట అటూ ఇటూ అయినా డిస్కు మీదికి వస్తుంది.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్కులో దాచుకో. ఉబుంటుకు కావలసిన చోటును విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే ఖాళీ చెయ్యి. ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యి. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది, అప్పుడు లైనక్సు నుంచి ఆ డ్రైవును చదవడమే గాని రాయడం కుదరదు. రెండింటి గడియారాలకూ ఐదున్నర గంటల తేడా కనిపిస్తే కంగారు పడకు. లోపలి గడియారాన్ని ఒకటి మన దేశపు సమయంగానూ, రెండోది గ్రీనిచ్ సమయంగానూ లెక్కపెట్టుకోవడం వల్ల వచ్చే తేడా అది.

చార్జరు పెట్టి, బ్యాటరీ నిండాకే పని మొదలుపెట్టు. బ్యాటరీ ఉండగా కరెంటుతో పనేమిటి మావయ్యా అంటావు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాను చీకట్లో పడేసినప్పుడు చూసినవాణ్ణి, నా భయం నాది. ఉరుములు ఉరిమే రోజున మాత్రం పార్టిషన్, అంటే డిస్కును భాగాలు చేసే పని జోలికి పోవద్దు.

ఇప్పుడు నా సంగతి. 2002లో బస్టాండు దగ్గరి నా డీటీపీ దుకాణంలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు, దానికి 20 జీబీ డిస్కు. అందులో పగలు తెలుగు, ఒడియా పెళ్లిపత్రికలు వేసుకోవడానికి విండోస్ 98, రాత్రి నేర్చుకోవడానికి రెడ్‌హ్యాట్ లైనక్సు ఉండేవి. ఏది కావాలో అడగడానికి లిలో అనే బూట్ మేనేజరు ఉండేది. అది తెర మీద తన పేరులోని ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా చూపించేది. నాలుగూ వస్తే బతికినట్టు, రెండింటి దగ్గర ఆగిపోతే ఆ రోజు పని ఆగిపోయినట్టే.

ఆ కాలపు డిస్కుల్లో మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు. అందులో మొదటి 446 బైట్లు యంత్రాన్ని లేపే కోడు, తరువాతి 64 బైట్లు పార్టిషన్ల పట్టిక, చివరి రెండు బైట్లు ఒక గుర్తు. విండోస్‌ను మళ్లీ ఎక్కించినప్పుడల్లా అది లిలోను చెరిపి తన కోడు రాసుకునేది. అందుకని నేను తెలివిగా ఆ 512 బైట్లనూ ఒక ఫ్లాపీలో దాచాను. ఆ నీలం ఫ్లాపీ మీద చీటీ అంటించి, మీ అమ్మ తన గుండ్రటి అక్షరాలతో "బూటు, ముట్టుకోవద్దు" అని రాసింది. కొన్ని నెలలకు డి డ్రైవులో చోటు చాలక పార్టిషన్ల హద్దులు జరిపాను. ఫ్లాపీలో పాత హద్దులే ఉన్నాయన్న సంగతి నాకు తట్టలేదు.

దసరా ముందు వైరసు వచ్చి విండోస్ మళ్లీ ఎక్కించాను, లిలో పోయింది. రెస్క్యూ సీడీతో యంత్రాన్ని లేపి, ఫ్లాపీలోని 512 బైట్లనూ ఉన్నవి ఉన్నట్టుగా మొదటి సెక్టారులో రాసేశాను. 446 దగ్గర ఆగవలసింది. లిలో తిరిగి వచ్చింది, విండోస్ తెరుచుకుంది, నేను టీ తాగి వచ్చాను. డి డ్రైవు నొక్కితే, ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు, ఇప్పుడు చేయమంటారా అని అడిగింది. రాత్రి పదకొండు దాటింది, తెల్లవారితే పత్రికల కోసం పెళ్లివారు వస్తారు. అవునని నొక్కేశాను. ఏమనుకుని నొక్కానో ఈనాటికీ చెప్పలేను. యంత్రం అంత మర్యాదగా అడిగితే కాదనడం నాకు చేతకాలేదు.

పట్టిక అంటే అడంగల్ వంటిది, భూమి కాదు. మన ఊరివాళ్లకు ఇది వేరే చెప్పనక్కర లేదు: 1936 ఏప్రిల్ 1న పటంలో గీత మారి పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్లింది, ఒక్క ఇల్లూ ఉన్న చోటి నుంచి కదలలేదు. నా డి డ్రైవులో కూడా అప్పటికి ఏదీ కదలలేదు. సరైన హద్దులు మళ్లీ రాసి ఉంటే అన్నీ ఉన్న చోటే కనిపించేవి. ఫార్మాట్ చేయడంతో కొత్త పట్టికలు పాత సమాచారం మీద పడ్డాయి. మూడేళ్ల పత్రికలు పోయాయి. ఒక రిటైరైన తెలుగు మాస్టారి శతకం పోయింది. పాత నోటుపుస్తకం ఆయన దగ్గర ఉంది గానీ, మీ అమ్మ వేసవి సెలవులన్నీ టైపు చేస్తుంటే పక్కన కూర్చుని ఆయన దిద్దిన పాఠం మరెక్కడా లేదు. మీ అమ్మ నన్ను ఏమీ అనలేదు. ఫ్లాపీ మీది చీటీని మాత్రం గోటితో గీకి తీసేసింది.

ఆ తరువాత సీపీయూ డబ్బా మీద మార్కరుతో 446 అని రాసుకున్నాను. దుకాణంలో కుర్రవాడు అది లాటరీ నంబరు అనుకునేవాడు.

నీ ల్యాప్‌టాప్‌లో అచ్చంగా ఇదే తప్పు జరగదు. జీపీటీ అనే కొత్త పద్ధతి డిస్కుల్లో పట్టిక మొదట్లో ఒకటి, చివర ఒకటి, రెండు ప్రతులుగా ఉంటుంది. అందుకే మొదటి 512 బైట్లు దాచుకోమనే పాత సలహా ఎక్కడ కనిపించినా పట్టించుకోకు. ఇప్పుడు లేపే కోడు ఈఎఫ్ఐ పార్టిషన్ అనే చిన్న గదిలో ఉంటుంది. విండోస్, ఉబుంటు దానిలోనే వేర్వేరు ఫోల్డర్లలో కాపురం ఉంటాయి. 100 ఎంబీయో, 260 ఎంబీయో ఉన్న ఆ ముక్కను చూసి, ఇదేదో పనికిరానిదని ఇన్‌స్టాల్ సమయంలో ఫార్మాట్ పెట్టావంటే విండోస్ లేవదు. తిడుతున్నానని అనుకోకు తల్లీ, నువ్వు చేస్తావని కాదు, నేనైతే చేసి ఉండేవాణ్ణి.

అంతా అయ్యాక యంత్రం నేరుగా విండోస్‌లోకి పోతే, ఉబుంటుతో వచ్చే బూట్ మేనేజరు గ్రబ్ చెరిగిపోయిందని అనుకోకు. చాలాసార్లు బూట్ క్రమంలో ముందువెనుకలు మారి ఉంటాయి, అంతే. యంత్రంలోనే ఉండే మొదటి ప్రోగ్రాము, అంటే ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఉబుంటును పైకి జరిపితే సరిపోతుంది. గ్రబ్ వచ్చి, అందులో విండోస్ పేరు లేకపోతే, 2021లో వచ్చిన 2.06 నుంచి గ్రబ్ ఇతర సిస్టంలను వెతకడం తనంతట తాను మానుకుందని గుర్తుంచుకో. వెతికే పని చేసేది ఓఎస్ ప్రోబర్, సెట్టింగుల ఫైలులో దానిని మళ్లీ అనుమతించి గ్రబ్‌ను అప్‌డేట్ చెయ్యి. నల్లటి తెర మీద గ్రబ్ రెస్క్యూ అని మాత్రమే వస్తే, గ్రబ్ తన ఫైళ్లు ఉన్న చోటును కనుక్కోలేకపోతోందన్న మాట. ఉబుంటు పెన్‌డ్రైవుతో లేపి, పార్టిషన్లు ఉన్నాయో లేదో కళ్లతో మాత్రమే చూడు. ఒకటి కనిపించకపోతే టెస్ట్‌డిస్క్ ఉంది, పోయిన హద్దులను డిస్కంతా గాలించి చూపిస్తుంది. ఏది అడిగినా అవుననకుండా, తెరను ఫొటో తీసి నాకు పంపు. అర్ధరాత్రి అయినా సరే.

ఇన్నీ బాగున్నా ఒకనాడు అప్‌డేట్ వచ్చి పాడుచేయవచ్చు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తరువాత సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న కోడునే లేవనిచ్చే ఏర్పాటు) ఉన్న చాలా యంత్రాలలో లైనక్సు లేవలేదు. అక్కడ కూడా ఫైళ్లకు ఏమీ కాలేదు.

చివరగా బిట్‌లాకర్, అంటే డ్రైవులోని సమాచారానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు. డ్రైవు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, సెక్యూర్ బూట్ గాని, బూట్ క్రమం గాని మార్చాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే నేనే కాదు, ఎవరూ ఏమీ చేయలేరు. మొదలుపెట్టకముందే ఆ కీ ఎక్కడుందో చూసి కాగితం మీదికి ఎక్కించాలి. నువ్వు రాయకు, నీ ఏడు ఒకటిలా ఉంటుంది. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు నువ్వు చదువు, మీ అమ్మ చేత రాయించు. ఆ కాగితం ఆమె బీరువాలోనే ఉండనీ.

ఆశీస్సులతో,
మావయ్య