పాత మినీ ట్రాక్టర్‌లో ఆయిల్ లైటు వెలుగుతోంది, ఇంజిన్ దించాల్సిందేనా?

మీరు చెప్పింది ఇదీ: తెనాలి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న మూడు సిలిండర్ల మినీ ట్రాక్టర్. పొద్దున స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. గంటసేపు రోటావేటర్ తిప్పి స్లోలో పెడితే ఆయిల్ లైటు మినుకుమంటోంది, రేసు ఇస్తే ఆరిపోతోంది. క్రాంకు (పిస్టన్ల ఊపుతో తిరిగే ఇరుసు) పోయింది, ఇంజిన్ దించాలని మెకానిక్ అంటున్నాడు.

ఆయన మాట నిజమే కావచ్చు. కానీ లైటు చూసి క్రాంకు సంగతి తేల్చడం ఎవరి వల్లా కాదు. ఇంజిన్‌కుండే ఆయిల్ ప్రెజర్ స్విచ్ దగ్గర నూనె ప్రెజర్ సుమారు అర కేజీ (చదరపు సెంటీమీటరుకు) కంటే తగ్గితే లైటు వెలుగుతుంది, అంతే. 0.4 ఉందో, సున్నా ఉందో చెప్పదు. ఫుల్ రేసులో 3 కేజీలు ఉండాల్సిన చోట ఒక్క కేజీయే ఉన్నా అది ఆరిపోయే ఉంటుంది. స్విచ్ చెడినా, వైరు ఒరిసి బాడీకి తగిలినా ఊరికే వెలుగుతుంది.

కాబట్టి ముందు ఆ స్విచ్ ఊడదీసి, అక్కడ ముల్లు తిరిగే మామూలు ప్రెజర్ గేజి బిగించండి. విజయవాడ ఆటోనగర్‌లోనో గుంటూరులోనో దొరుకుతుంది. వెళ్లేటప్పుడు పాత స్విచ్ జేబులో వేసుకెళ్లండి. జపాన్ డిజైన్ ఇంజిన్ల మరకీ, షాపులో చేతికొచ్చిన నిపుల్ మరకీ చూడ్డానికి తేడా తెలియదు, బలవంతంగా బిగిస్తే బ్లాకులో మర పోతుంది.

మూడు రీడింగులు కావాలి: చల్లగా ఉన్నప్పుడు, బాగా పనిచేశాక స్లోలో, అదే వేడి మీద రేసులో. చిన్న డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి వేడి మీద స్లోలో అర కేజీ నుంచి ఒక కేజీ దాకా, రేసులో 2 నుంచి 4.5 కేజీల మధ్య ఉంటే పరవాలేదు. మీ మోడల్ మాన్యువల్లో ఏముందో అదే ఫైనల్.

చల్లగా ఉన్నప్పుడు కూడా ప్రెజర్ తక్కువే ఉంటే అనుమానం పంపు మీదా, ఛాంబర్‌లోని (ఇంజిన్ అడుగున నూనె ఉండే తొట్టి) జాలీ మీదా, ప్రెజర్ ఎక్కువైతే నూనెను వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వ్ మీదా పెట్టుకోవాలి. వాల్వ్‌లో చిన్న నలుసు ఇరుక్కున్నా నూనె తిరిగి ఛాంబర్‌లోకి పోతూనే ఉంటుంది. చల్లగా బాగుండి వేడెక్కాక పడిపోతుంటే నూనె పలచబడిందనో, క్రాంకు తిరిగే బేరింగుల సందు పెరిగిందనో లెక్క. మీది ఈ రెండో రకంలా ఉంది. పంపు నూనెను తోస్తుందే కానీ ప్రెజర్ పుట్టేది నూనె బయటకు పోవడానికి ఇరుకు దారి ఉన్నందువల్ల. ఆ సందు రెండింతలైతే, అదే ప్రెజర్ మీద కారిపోయే నూనె దాదాపు ఎనిమిదింతలవుతుంది. అరుగుదల కొంచెమే అనిపించినా లైటు వెలగడం అందుకే.

ఇక నూనె పలచబడటం. మా మినీ ట్రాక్టర్‌తో మిరపలో, పత్తిలో అంతరకృషి చేస్తాం. దానికీ ఎండాకాలంలో ఇదే గొడవ వచ్చింది, అక్కడా క్రాంకు అనే మాటే వినిపించింది. గేజి పెడితే వేడి మీద స్లోలో 0.4, రేసులో 2 దాకా ఉంది. నూనె మట్టం చూసే కడ్డీ తీసి చూస్తే నూనె పై గీత దాటి ఉంది. నేను పోయకుండా నూనె ఎలా పెరుగుతుంది? వాసన చూస్తే డీజిల్. ఫీడ్ పంపులో డయాఫ్రమ్ చిరిగి డీజిల్ లోపలికి దిగుతోంది. నాజిల్ కారుతున్నా, కొన్ని ఇంజిన్లలో ఇంజెక్షన్ పంపు సీలు పోయినా ఇలాగే జరుగుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నూనె మరీ పెరిగితే డీజిల్ ఇంజిన్ ఆ నూనెనే తాగి, ఆపినా ఆగకుండా రేసు ఎక్కిపోతుంది. డయాఫ్రమ్, ఫిల్టర్, నూనె మూడూ మార్చాక స్లోలో 0.9కి వచ్చింది. కొత్త ఇంజిన్‌లా లేదు, ఉండదు కూడా. బేరింగుల్లో అరుగుదల కొంత ఉంది. మాన్యువల్ హద్దు లోపలే కాబట్టి అలాగే తిప్పుతున్నాం.

మీరూ కడ్డీ చూడండి, వాసన చూడండి. పాత నూనె మార్చి, మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయండి, చాలావాటికి 15డబ్ల్యూ-40 సరిపోతుంది. పాత ఫిల్టర్ పారేయకుండా రేకు కత్తెరతో కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. గ్రైండర్ వాడితే దాని ఇనుప పొడే లోపల పడి మిమ్మల్ని భయపెడుతుంది. అయస్కాంతానికి అంటుకోని తళతళలాడే పొరలు కనిపిస్తే అది బేరింగు మెటల్ అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు మెకానిక్ మాట వినాల్సిందే.

అప్పుడు కూడా ముందు ఛాంబర్ విప్పమనండి. కొన్ని మోడళ్లలో ముందు యాక్సిల్ అడ్డొస్తుంది కానీ, వీలున్న చోట జాలీ కడగొచ్చు, కనెక్టింగ్ రాడ్ క్యాపు తీసి బేరింగు చూడొచ్చు. పైపొర పోయి రాగి రంగు బయటపడితే వాటి పని అయిపోయినట్టే. క్రాంకు కొలిపించకుండా కొత్త బేరింగులు మాత్రం కొనొద్దు. గ్రైండింగ్ పడితే (క్రాంకును సానబట్టి సన్నం చేయాల్సి వస్తే) బేరింగు 0.25 మిల్లీమీటర్ల సైజో, 0.50 సైజో కొలత చూశాకే తేలుతుంది.

రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు వెనక వాషర్ వేస్తే సరిపోతుందని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వేడి మీద స్లోలో ఆ వాల్వ్ ఎలాగూ మూసుకునే ఉంటుంది, వాషర్ చేసేదేం లేదు. రేసులో ముల్లు మాత్రం పైకి లేవొచ్చు, కొనేవాడికి చూపించడానికి బాగుంటుంది. చిక్కటి నూనె పోయడమూ అదే బాపతు. మీకు అమ్మినాయన పోసి ఉన్నా నేను ఆశ్చర్యపోను.

మూడు రీడింగులూ, కడ్డీ మీద నూనె ఎక్కడిదాకా ఉందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను. ఈలోగా రోటావేటర్ పని ఆపండి. రేసులో కూడా లైటు వెలిగితే చేను మధ్యలో ఉన్నా సరే, వెంటనే ఇంజిన్ ఆపేయండి.