199 రూపాయల మల్లె నూనె

ప్రశ్న: నమస్తే మేడమ్, మాది తెనాలి. ఆన్‌లైన్‌లో మల్లె ఎసెన్షియల్ ఆయిల్ 10 ఎంఎల్ సీసా 199 రూపాయలకి వస్తుంటే తెప్పించుకున్నా, మీద ప్యూర్ అనీ స్టీమ్ డిస్టిల్డ్ (ఆవిరి పట్టి తీసింది) అనీ రాసుంది. నిద్ర పడుతుందని రాత్రి తలుపులేసి, ఏసీ పెట్టి, గదంతా వాసన చిమ్మే డిఫ్యూజర్‌లో పదిహేను చుక్కలు వేశా. నిద్ర సంగతి దేవుడెరుగు, తల పగిలిపోయింది. ఇది జుట్టుకి రాసుకోవచ్చా? మా వదిన నెల బాలింత, ఒళ్లునొప్పులకి ఆవిడకి మసాజ్ చేయొచ్చా?

జవాబు: తలనొప్పికి మల్లెపువ్వుని తిట్టుకోకండమ్మా, అసలది ఆ సీసాలో ఉందో లేదో ముందు చూద్దాం. మల్లె వాసన మహా సుకుమారం, ఆవిరి వేడి తగిలితే పాడైపోతుంది, నూనె కూడా సరిగ్గా దిగదు. అందుకే పూలని సాల్వెంట్‌లో, అంటే వాసనని కరిగించుకునే రసాయనంలో, నానబెట్టి ముందు మైనంలాంటి ముద్ద తీస్తారు, దాన్ని ఆల్కహాల్‌తో కడిగి వడగడితే వచ్చేదే అబ్సల్యూట్. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పువ్వుల్ని నీళ్లతో మరిగించి ఆ ఆవిరిని చందనం నూనెలోకి పట్టే పద్ధతుంది కానీ దాన్ని అత్తరు అంటారు. కాబట్టి స్టీమ్ డిస్టిల్డ్ మల్లె అని కనిపించిందంటే అక్కడే అనుమానపడాలి.

ఇంకో లెక్క చెప్తా. వెయ్యి కిలోల పూలకి వచ్చే అబ్సల్యూట్ సుమారు కిలో, కిలోన్నర, అంటే మీ 10 ఎంఎల్‌కి ఏడు నుంచి పది కిలోల పూలు కావాలి, సీజన్‌లో కిలో వంద రూపాయలకే దొరికాయనుకున్నా పూలకే ఏడొందల నుంచి వెయ్యి దాకా అవుతుంది, ఇంక ఫ్యాక్టరీ ఖర్చు, సీసా, కొరియర్... 199కి ఎలా ఇస్తాడండీ? అది సెంటు నూనె అయ్యుంటుంది, లేదా వేరే నూనెలో రెండు చుక్కలు కలిపింది. అసలుదైతే తేనెరంగులోనో ఇంకా ముదురుగానో కాస్త చిక్కగా ఉంటుంది, లేబుల్ మీద జాస్మినమ్ సాంబక్ అని మొక్క పేరు, అబ్సల్యూట్ అనే మాట రెండూ ఉండాలి. జాజి అయితే జాస్మినమ్ గ్రాండిఫ్లోరమ్.

అసలుదైనా పదిహేను చుక్కలు చాలా ఎక్కువ. మల్లెలో ఇండోల్ అని ఒకటుంటుంది, కొంచెంగా ఉంటే పూలవాసన, ఎక్కువైతే (నవ్వకండి) మరుగుదొడ్డి కంపు. రెండు మూడు చుక్కలేసి, కిటికీ తీసి, అరగంటయ్యాక ఆపేయండి. ఇంకోటి, మల్లె జోకొట్టే నూనె అని అందరూ అనుకుంటారు కానీ 40 మందికి ఒంటికి రాసి చూసిన ఒక చిన్న పరిశోధనలో బీపీ, ఊపిరి వేగం పెరిగాయి, వాళ్లు ఇంకా చురుగ్గా అయ్యారు. మనసు దిగులుగా ఉన్నప్పుడు సాయంత్రంపూట బాగుంటుంది, నిద్రకైతే లావెండర్ చూడండి.

వదినగారికి మాత్రం వద్దు. పాలు ఇంకిపోవాలంటే రొమ్ముకి మల్లెపూలు కట్టడం మన పెద్దవాళ్లకి తెలిసిన సంగతే, 1988లో వేలూరు డాక్టర్లు కూడా దీన్ని పాలు ఆపే మాత్రతో పోల్చి చూస్తే పూలు కూడా పనిచేశాయి. వాళ్లు చూసింది పువ్వుని, నూనెని కాదు, నిజమే, కానీ పాలిచ్చే తల్లి దగ్గర ప్రయోగాలెందుకు, పైగా బిడ్డ మూతి తగిలే చోటు. ఉత్త నువ్వుల నూనె వెచ్చజేసి రాయండి చాలు.

మీకైతే, అసలుది దొరికినప్పుడు, రెండు చెంచాల మామూలు నూనెలో అది రెండు చుక్కలు కలిపి, ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగండి, మల్లె పడనివాళ్లకి దద్దుర్లొస్తాయి. ఇప్పుడున్న సీసా ఒంటికీ జుట్టుకీ వద్దు, దూదిమీద ఒక చుక్క వేసి బీరువాలో పడేయండి.

జుట్టుకి ఇంట్లోనే చేసుకోండి. మధ్యాహ్నం కట్టిన మూర మొగ్గలు సాయంత్రానికి విచ్చుకుని ఇల్లంతా గుబాళిస్తాయి కదా, కోసినా వాసన పుట్టిస్తూనే ఉంటాయి, ఫ్రాన్స్‌లో గ్రాస్ ఊరివాళ్లు గాజు పలకమీద కొవ్వు రాసి దానిమీద మల్లెజాతి పూలు పరిచిందీ, మనవాళ్లు నువ్వుల మధ్య పొరలుగా పూలు పేర్చి తర్వాత గానుగాడిందీ ఇందుకే. తడిలేని పూలు గుప్పెడు కొబ్బరి నూనెలో వేసి, మర్నాడు తీసేసి కొత్తవి వేయండి, అలా నాలుగైదు రోజులు. పొయ్యిమీద పెట్టొద్దు. చివర్లో పల్చటి గుడ్డలో వడగట్టండి, అడుగున నీటిబొట్టు కనిపిస్తే అది వదిలేసి పైనూనె మాత్రమే సీసాలోకి ఒంపుకోండి, లేకపోతే వారానికే ముక్కవాసన కొడుతుంది.